ముప్పై ఒక్క పేజీలు

మా అక్కకు ఏదైనా కావాలనిపిస్తే అది అయ్యేదాకా ఇంట్లో ఎవరినీ కుదురుగా కూర్చోనివ్వదు. పోయిన ఏడాది ఆమెకు పన్నెండు పుస్తకాలు చదవాలనిపించింది. చదవడం రాని మనిషికి పన్నెండు పుస్తకాలేమిటని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. వచ్చిన అనుమానాన్ని లోపల దాచుకోకుండా పైకి అన్నందుకు ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మాది బట్టలు ఆల్టరేషన్ చేసే షాపు. పొడుగు ప్యాంట్లు పొట్టి చేయడం, వదులు చొక్కాలు బిగించడం, పాడైన జిప్పులు మార్చడం నా పని. కాజాలు, గుండీలు, చేతి కుట్లు అక్కవి. ఒకే గదిలో, ఒకే కిటికీ వెలుతురులో, ముప్పై నాలుగేళ్ళుగా పోట్లాడుకుంటూ పని చేస్తున్నాం. అమ్మ మంచం పట్టినప్పుడు అక్క మూడో తరగతిలోనే బడి మానేసింది. నేను పదో తరగతి దాకా వెళ్ళాను. ఈ సంగతి ఆమె ఏనాడూ ఎత్తలేదు. నేనే అప్పుడప్పుడు పెద్ద చదువులు చదివినవాడిలా ఫోజు కొట్టేవాణ్ణి.

జనవరి మొదట్లో లైబ్రేరియన్ మేడమ్ పొడుగు తగ్గించమని లైబ్రరీ కర్టెన్లు పట్టుకొచ్చారు. వెళ్తూ వెళ్తూ బల్ల మీద ఒక కాగితం పెట్టారు. అక్క చదవమంటే చదివాను. పెద్దవాళ్ళ కోసం పోటీ. ఏడాదిలో పన్నెండు పుస్తకాలు, నెలకొకటి. సొంతంగా చదివినా సరే, ఎవరిచేతనైనా చదివించుకుని విన్నా సరే. పుస్తకం పూర్తయ్యాక లైబ్రేరియన్ ఎదుట కూర్చుని దాని గురించి ఐదు నిమిషాలు మాట్లాడితే కార్డు మీద ముద్ర వేస్తారు. పన్నెండు ముద్రలు పడ్డవాళ్ళ పేరు లైబ్రరీ గుమ్మం పక్క బోర్డు మీద ఏడాదంతా ఉంటుంది.

"ఆ చివరి ముక్క మళ్ళీ చదువు," అంది అక్క.

"ఏ ముక్క?"

"పేరు బోర్డు మీద పెడతారన్నావే, అది."

మళ్ళీ చదివాను. ఆమె చేతిలో సూది ఆగిపోయింది.

"నా పేరు కరెంటు బిల్లు మీద కూడా లేదురా. నలుగురూ నడిచే చోట ఒక్కసారి చూసుకోవాలనుంది."

"ఇవన్నీ చదువుకున్నవాళ్ళ సరదాలక్కా. మనకెందుకు చెప్పు?"

ఆ మాటకే రెండు రోజుల మౌనం. మూడో రోజు పొద్దున్నే తల దువ్వుకుని ఎక్కడికో వెళ్ళింది. వచ్చేటప్పటికి ఒక చేతిలో కార్డు, ఇంకో చేతిలో పుస్తకం. పుస్తకాన్ని తెచ్చి నా మిషన్ మీద, సగం కుట్టిన ప్యాంటు మీద పెట్టింది.

"పోటీ నాది. గొంతు నీది. మొదలుపెట్టు."

అలా మొదలైంది. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా గిరాకీ ఉండదు. ఆ గంటన్నర మిషన్ ఆపేసి నేను చదివేవాణ్ణి, ఆమె కాజాలు కుడుతూ వినేది. అర్థం కాకపోతే కత్తెరతో బల్ల మీద ఒకసారి కొట్టేది. నేను వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవాలి. రెండుసార్లు కొట్టిందంటే నేను మరీ గడగడా చదివేస్తున్నానని. పుస్తకాల్లో మనుషుల్ని ఆమె మా గిరాకీల్ని చూసినట్టే చూసేది. "వీడు కొలతలివ్వడు గానీ చొక్కా మాత్రం సరిగ్గా కావాలంటాడు" అని మొదటి పుస్తకంలో హీరోను మూడో రోజే పక్కన పెట్టేసింది. నాలుగో పుస్తకంలో ఒక జమీందారు గారు పదిహేను పేజీలు ఏడిస్తే, "ఈ టైములో ఏడు చొక్కాలకి గుండీలు కుట్టేదాన్ని" అంది.

ఇక లైబ్రరీలో ఆమె మాట్లాడటం చూసి తీరాలి. మొదటిసారి తోడు వెళ్ళాను, నోట మాట రాకపోతే ఆదుకుందామని. నా అవసరమే పడలేదు. ఐదు నిమిషాలన్నది ఇరవై ఐదయింది. మూడో నెలకల్లా పోటీలో ఉన్న ఒక బస్సు డ్రైవరు, హాస్పిటల్లో పనిచేసే నర్సమ్మ ఆమె వచ్చే రోజు కనుక్కుని మరీ వచ్చేవాళ్ళు. "పెద్దక్క ఏమంటుందో విన్నాకే మేం చదువుతాం" అనేవాడు డ్రైవరు. నేను వెనక కుర్చీలో కూర్చుని మీసం మెలేసేవాణ్ణి. చెప్పేది ఆమే అయినా, చదివి వినిపించింది ఎవరు మరి?

జూన్ వచ్చింది. స్కూలు యూనిఫారాలు గుట్టలుగా వచ్చిపడ్డాయి. తల ప్రాణం తోకకొచ్చేది. గంటన్నర కాదు, అరగంట దొరకడమే గగనమైంది. అప్పుడు నేనొక పాడు పని మొదలుపెట్టాను. నా వృత్తి బుద్ధి పుస్తకం మీద చూపించాను. రెండు పేజీల వాన ఉంటే "వాన పడింది" అని చదివాను. ఒక ఉత్తరం నాలుగు పేజీలుంటే "క్షేమమని రాశాడు" అన్నాను. ఎక్కడ వదులుగా అనిపిస్తే అక్కడ కత్తిరించాను. కుట్టు కనపడకుండా అతికాను కూడా.

ఏడో పుస్తకం గురించి మాట్లాడేటప్పుడు మేడమ్ వంతెన మీద జరిగిన గొడవ సంగతి అడిగారు. అక్క తెల్లమొహం వేసింది. మిగతాదంతా బాగా చెప్పింది కాబట్టి ముద్ర పడింది గానీ, దారిలో నన్ను అడిగింది.

"వంతెన మీద గొడవ ఎప్పుడొచ్చిందిరా?"

"నువ్వు కునుకు తీసి ఉంటావు," అన్నాను, కళ్ళార్పకుండా.

ఆ మర్నాటి నుంచి ఆమె వీపు ఆనించే కుర్చీ మానేసి స్టూలు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. రెండు కాకముందే చన్నీళ్ళతో మొహం కడుక్కునేది. నేను చూస్తూనే ఉన్నాను, నోరు విప్పలేదు. ఇది చెప్పుకోవడానికి నాకిప్పటికీ సిగ్గుగా ఉంది.

డిసెంబరులో పన్నెండో పుస్తకం వచ్చింది. గడియారాలు బాగుచేసే ఒకావిడ కథ. నాలుగు వందల పేజీలు పైనే. అక్క ఆవిణ్ణి సొంత మనిషిని చేసేసుకుంది. "ఈవిడకి నా పోలికే. కోపం కూడా నాదే" అనేది. ఈ ఒక్క పుస్తకంలో చివరి పేజీల దాకా నేనూ అక్షరం వదల్లేదు. నాకూ ఆవిడంటే ఇష్టం ఏర్పడింది.

ఆ రోజుల్లోనే అక్క సూదిలో దారం ఎక్కించమని నాకివ్వడం మొదలుపెట్టింది. నల్ల కోటు మీద నల్ల దారంతో కాజా కుట్టాలంటే దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మొహానికి ఆనించుకునేది. కళ్ళాసుపత్రికి వెళ్దామంటే, "నేనే రెండుసార్లు వెళ్ళొచ్చా. చుక్కల మందిచ్చారు, తగ్గిపోతుందన్నారు" అంది. నేను నమ్మాను.

డిసెంబరు మూడో వారంలో ఒక మధ్యాహ్నం చదువుతున్నాను. గడియారాలావిడకు చక్రాల పళ్ళు మసకగా కనిపించడం మొదలైంది. తర్వాతి పేజీలో డాక్టరు ఆవిడ కళ్ళలోకి దీపం వేసి చూసి, ఈ చూపు ఇక తిరిగి రాదని చెప్పాడు. ఆ మాట పైకి చదవకుండా ఆగిపోయాను. తలెత్తి చూస్తే అక్క సూది గాల్లో ఆగి ఉంది.

"తర్వాత?" అంది.

ఇంకా ముప్పై ఒక్క పేజీలున్నాయి. వాటిలో ఏముందో నేను చూడలేదు, చూసే ధైర్యం లేకపోయింది. కళ్ళు కాగితం మీదే ఉంచి, నోటికొచ్చింది చదివాను. ఎక్కడినుంచో ఇంకో డాక్టరు వచ్చాడు. ఆపరేషన్ చేశాడు. కట్టు విప్పగానే ఆవిడకు గోడ గడియారంలో టైము స్పష్టంగా కనిపించింది. అయిపోయింది.

"అంతేనా?" అంది అక్క.

"అంతే."

"మంచిదేలే," అని మళ్ళీ కుట్టులో పడింది. బయటపడ్డానని ఊపిరి పీల్చుకున్నాను.

పోటీకి ఆఖరు రోజు డిసెంబరు ముప్పై ఒకటి, సాయంత్రం ఆరు దాకా. మేం నాలుగింటికి వెళ్ళాం. డ్రైవరు, నర్సమ్మ ముద్రలు పూర్తి చేసుకుని అక్క కోసమే ఎదురు చూస్తున్నారు. అక్క కొత్త చీర కట్టుకుంది. పదకొండు ముద్రలున్న కార్డును మేడమ్ ముందు పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. గడియారాలావిడ చిన్నతనం, తండ్రి దగ్గర పని నేర్చుకోవడం, అందరితో పోట్లాటలు, అన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పింది. చివరికి, "ఆపరేషన్ అయ్యాక చూపొచ్చింది, గోడ మీద టైము చూసింది" అని ముగించింది.

మేడమ్ ముద్ర పట్టుకున్న చెయ్యి ఆగింది.

"ఆవిడకి చూపు రాదు కదండీ ఈ పుస్తకంలో," అన్నారు మెల్లగా. "చివరి భాగం విన్నారా మీరు?"

అక్క నా వైపు చూడలేదు. తన చేతుల వైపు చూసుకుంది.

"మళ్ళీ నిద్రపోయినట్టున్నానండీ," అంది.

"ఏమీ అనుకోకండి. చివరిదాకా వింటేనే ముద్ర. అందరికీ అదే రూలు పెట్టాను. మీకొక్కరికి వేస్తే బాగుండదు."

"లేదండీ, మీరు చెప్పింది న్యాయమే." కార్డు తీసి సంచిలో పెట్టుకుంది. ఏడాది పొడుగునా ఆమె మొహం అంత చిన్నబోవడం నేను చూడలేదు. లేచి నిలబడింది.

ఊరుకుంటే నా పరువు దక్కేది. డ్రైవరు ముందు, నర్సమ్మ ముందు, మేడమ్ ముందు, నాకున్నదే ఆ కాస్త పరువు. కానీ 'నిద్రపోయినట్టున్నానండీ' అన్న మాట నా గుండెల్లో దిగబడింది.

"ఆమె ఒక్కరోజు కూడా నిద్రపోలేదు మేడమ్," అన్నాను. "నేనే మార్చి చదివాను. వంతెన మీద గొడవ కూడా నేనే ఎగ్గొట్టాను. తప్పు ఆమెది కాదు, నాది."

అక్క నా వైపు తిరిగింది.

"చన్నీళ్ళతో మొహం కడుక్కున్నాను కదరా రోజూ. చూస్తూ ఎలా ఊరుకున్నావు?"

"తప్పయిపోయిందక్కా."

"ఎందుకు మార్చావు?"

"అక్కడ డాక్టరు చెప్పిన మాట నీకు చదివి వినిపించలేకపోయాను. మిగతాది నేను కూడా చదవలేదు."

"కొలవకుండా గుడ్డ మీద కత్తెర పెట్టొద్దని నీకెవరు నేర్పారు?"

"నువ్వే."

"మరి కూర్చో. చదువు." గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. మేడమ్ కుర్చీ నా వైపు జరిపారు.

అక్కడే, వాళ్ళందరి ముందు, ఆ ముప్పై ఒక్క పేజీలూ చదివాను. చూపు పోయాక ఆవిడ ఏడాదిపాటు గది తలుపు మూసుకుని కూర్చుంది. ఒకరోజు పక్కింటావిడ ఆగిపోయిన పాత గడియారం తెచ్చి ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడ కోపంతో దాన్ని పక్కకు తోయబోయి, లోపలి చప్పుడు విని ఆగింది. చెవి ఆనించింది. ఏ చక్రం పన్ను అరిగిందో ఆ చప్పుడే చెప్పింది. ఆ తర్వాత వేళ్ళతో, చెవులతో ఇంకా ఇరవై రెండేళ్ళు గడియారాలు బాగుచేసింది. చదువుతుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. నేను మూసి పారేసింది ఇంత గొప్ప భాగాన్నా! అక్క బల్ల మీద వేలితో ఒకసారి కొట్టింది. వెనక్కి వెళ్ళి, చెవి ఆనించిన చోటు మళ్ళీ చదివాను. చుట్టూ పేపర్లు చదువుకునేవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. నా గొంతు రెండుసార్లు తడబడింది, ఎవరూ నవ్వలేదు.

ముగించేసరికి ఆరుకు పావుగంట తక్కువ. మేడమ్ అక్క వైపు చూశారు.

"ఇప్పుడు చెప్పండి."

"ఆవిడకి ఆపరేషన్ చేసేవాళ్ళెవరూ రాలేదండీ," అంది అక్క. "పక్కింటావిడ పనిచ్చింది. ఓదార్పు మాటలు చెప్పకుండా పని ఒళ్ళో పెట్టి వెళ్ళింది చూడండి, ఈ పుస్తకం మొత్తంలో తెలివైన మనిషి ఆవిడే. మా వాడు కట్టిన కథ కంటే ఇది వెయ్యి రెట్లు నయం."

డ్రైవరు పెద్దగా నవ్వాడు. ముద్ర పడింది. నర్సమ్మ చప్పట్లు కొడితే అందరూ కొట్టారు. మేడమ్ గుమ్మం పక్క బోర్డు దగ్గరికి వెళ్ళి కుంచె పట్టుకున్నారు. డ్రైవరు పేరు, నర్సమ్మ పేరు అప్పటికే ఉన్నాయి. వాటి కింద అక్క పేరు మొదలుపెట్టబోతుంటే అక్క ఆపింది.

"కొంచెం పెద్ద అక్షరాలు వేయండి మేడమ్. వచ్చే ఏడాది ఈ పాటికి నాకు చిన్నవి కనపడవు."

మేడమ్ కుంచె అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

"చుక్కల మందన్నావు కదక్కా?"

"కుడి కంటికి చూపు ఇక రాదని అక్టోబరులోనే చెప్పారురా. ఎడమది కూడా మెల్లగా పోతుందట. నీకెలా చెప్పాలో తెలియలేదు. ఈ పుస్తకంలో ఆవిడకి కళ్ళు మసకేసినప్పుడు, ఆవిడేం చేస్తుందో విని అప్పుడు చెబుదామనుకున్నా." ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వేమో ఆవిడకి ఆపరేషన్ చేయించేశావు."

అందరి ముందూ ఏడ్చాను. ఆమె ఏడవలేదు. మేడమ్ మిగతా పేర్లకు రెండింతల అక్షరాలతో ఆమె పేరు రాస్తుంటే, బోర్డుకు బాగా దగ్గరగా జరిగి ఒక్కో అక్షరం పడటం చూస్తూ నిలబడింది. నా అక్క. మూడో తరగతి మాత్రమే వెళ్ళిన మా అక్క. నా జన్మలో నేను ఎవర్ని చూసీ అంత గర్వపడలేదు.

"చూపు పోయాక ఆవిడ ఇరవై రెండేళ్ళు పని చేసింది," అంది, కళ్ళు బోర్డు మీద నుంచి తిప్పకుండానే. "నేను పాతికేళ్ళు చేస్తా. పద, జనవరి పుస్తకం తీసుకుందాం."