ఏ వరసతో వచ్చారు?

"ఇన్ని తమాలెలు ఎవరికి? ఇంకా ఆ ఇంటికి కూడా పంపుతున్నావా ఏం?" అన్నాడు మొగుడు రొహేలియో, టీవీలో ఆట మీంచి చూపు తిప్పకుండానే.

తమాలెల పిండి చుట్టడానికి నానబెట్టిన మొక్కజొన్న ఆకుల్ని తుడిచి పక్కన పెడుతున్న డెల్ఫీనా చెయ్యి ఆగింది. నిజమే, రెండిళ్ళకి సరిపడా పిండి కలిపేసింది. మనసు మానుకున్నా చేతులు మానుకోలేదు.

ఆ ఇల్లంటే సొకొర్రోది. కొడుకు ఎఫ్రాయిన్‌కి పిల్లనిచ్చిన తల్లి. కొడుకూ కోడలూ ఉద్యోగాలకి పోతే చంటిపిల్ల నయెలీని పెంచింది ఈ ఆడవాళ్ళిద్దరే. పొద్దున ఈ ఇల్లు, మధ్యాహ్నం ఆ ఇల్లు. హలాపా ఊరి ముసురులో ఆరని పిల్లగుడ్డల్ని ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టుకుంటూ, జ్వరం వచ్చినప్పుడు వంతులేసుకుని మేలుకుంటూ, మొగుళ్ళ గురించి చెప్పుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకుంటూ. జీతం లేని కొలువే. కానీ డెల్ఫీనా తన బతుకులో మనసు విప్పి మాట్లాడింది ఆవిడొక్కరితోనే. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. వియ్యపురాలు ఎక్కడికి పోతుందిలే అనుకుంది.

తర్వాత కొడుకూ కోడలూ విడిపోయారు. "వియ్యమే పోయాక ఇంక వియ్యపురాలేమిటి? ఆ గడప తొక్కావంటే ఊరుకోను," అన్నాడు రొహేలియో. "నువ్వు నా పక్షమా, వాళ్ళ పక్షమా అమ్మా?" అన్నాడు కొడుకు. మధ్యలో తనకంటూ ఒక పక్షం ఉందని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. ఆ వారంలోనే బజార్లో సొకొర్రో ఎదురైంది. "ఏం వియ్యపురాలా, చిక్కిపోయారే," అంది ఎప్పట్లాగే. పక్కన రొహేలియో ఉన్నాడు. డెల్ఫీనా తల వంచుకుని ఎండుమిరపకాయలు ఏరుతూ ఉండిపోయింది. ఆవిడ కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. రొహేలియో మెచ్చుకోలుగా భుజం తట్టాడు. ఇన్నేళ్ళయినా ఆ భుజం చూసుకుంటే ఆమెకి సిగ్గేస్తుంది.

"బామ్మా," అంది నయెలీ. ఆదివారాలు ఇక్కడ గడిపే మనవరాలు వంటింటి బల్ల దగ్గర బడి చదువు చదువుకుంటోంది. "మన స్పానిష్‌లో ఉండి ఇంగ్లీషులో లేని మాటలు చెప్పమన్నారు మా టీచరు. నేను 'కొన్‌స్వేగ్రా' చెబుతా. వియ్యపురాలిని పిలవడానికి వాళ్ళకి మాటే లేదట."

"అదృష్టవంతులు," అని నవ్వాడు రొహేలియో.

నయెలీ నవ్వలేదు. గొంతు తగ్గించి, "సొకొర్రో అమ్మమ్మ రేపు మెరిదా వెళ్ళిపోతోంది. మామయ్య దగ్గరికి, ఇంక అక్కడే. నీకు చెప్పొద్దంది," అంది.

డెల్ఫీనా చేతులు కడుక్కుని ఏప్రన్ విప్పింది.

"పిండి అలా వదిలేసి ఎక్కడికి?" అన్నాడు రొహేలియో.

"సొకొర్రో దగ్గరికి. ఆకులో పిండి పెట్టి చుట్టడమేగా, చుట్టుకోండి," అంది. అంత తేలిగ్గా వచ్చిన మాట ఆ రోజు బజార్లో ఎందుకు రాలేదా అని దారి పొడుగునా ఏడ్చింది.

సొకొర్రో తలుపు తీసింది. వెనక తాళ్ళు బిగించిన పెట్టెలు. లోపలికి రమ్మనలేదు.

"ఏ వరసతో వచ్చారు?" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

"ఏ వరసా లేదు. నీ కోసం వచ్చాను. ఆ రోజు బజార్లో నేను..."

"మిరపకాయలు బాగా ఏరారు."

డెల్ఫీనా తల వంచలేదు. "అవును, ఏరాను. ఆయన చూస్తున్నాడని ఏరాను."

సొకొర్రో తలుపు ఇంకాస్త తీసింది. "వియ్యపురాలా అనడానికి లేదు. ఇప్పుడు నిన్నేమని పిలవను?"

"పేరు పెట్టి పిలువు."

"డెల్ఫీనా," అంది ఆవిడ, పరాయి ఊరి పేరు పలికినట్టు తడబడుతూ. ఒక బిడ్డని ఇద్దరూ కలిసి పెంచిన అన్నేళ్ళలో ఒకరినొకరు పేరుతో పిలుచుకోనే లేదు.

"గిన్నెలన్నీ కట్టేశాను. కాఫీ ఇవ్వలేను," అంది సొకొర్రో. తలుపు మాత్రం వెయ్యలేదు.

డెల్ఫీనా లోపలికి నడిచి, ఒక పెట్టె మీద కూర్చుంది.