తొమ్మిదో బావి తిన్నని గీత

పైపు రెంచి ఒక కొన పైపుకీ, రెండో కొన కుడిచెవికీ ఆనించి ఆయన కళ్లు మూసుకున్నాడు. నడుం వంగి ఉంది. ఎడమచెయ్యి తొడమీద ఊతంగా ఉంది. ఇరవై ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే ఇలాగే నిలబడి నిలబడి, ఉత్తప్పుడు నడిచేటప్పుడు కూడా మనిషి కుడిపక్కకి కాస్త ఒరిగే ఉంటాడు. ఎవరో చాటుగా చెబుతున్న మాట వింటున్నట్టు ఉంటుంది చూసేవాళ్లకి. అందుకే ముడిచమురు తోడే ఈ నూనెబావుల మీద పనిచేసే వాళ్లంతా ఆయన్ని చెవులాయన అంటారు. అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఇంకెక్కడా వినపడదు.

తలమీద నూనె తోడే ఇనుపదూలం పైకీ కిందికీ ఊగుతోంది. దూలం దిగినప్పుడల్లా పైపులోంచి పొడిదగ్గులాంటి చప్పుడు వస్తోంది.

"పట్టేసిందీ" అన్నాడు తనలో తనే.

ఆయన చూసే పద్నాలుగు బావుల్లో ఈ తొమ్మిదో నంబరు ఒక్కటే పేచీకోరు. దీని అడుగున నూనెతోపాటు గ్యాసు ఊరుతుంది. రాత్రంతా ఊరిన గ్యాసు తెల్లారేసరికి పైపు చుట్టూ బిగుసుకుంటుంది. అప్పుడు నూనె తగ్గుతుంది. అలా వదిలేస్తే చివరికి దూలం ఊగుతుందే గానీ నూనె రాదు. ఆయన పక్కనున్న చిన్న వాల్వు మీద చెయ్యి వేసి పావు తిప్పు తిప్పాడు. ఎక్కువ తిప్పితే అడుగునించి ఇసుక లేస్తుంది, తక్కువ తిప్పితే దగ్గు పోదు. గ్యాసు సన్నగా ఈలవేస్తూ దూరాన మిగులు గ్యాసుని కాల్చేసే మంటగొట్టం వైపు వెళ్లిపోయింది. సీసాలోంచి టీ మూతలోకి ఒంపుకుని, అది చల్లారి తాగటం అయ్యేదాకా ఆగాడు. మళ్లీ రెంచి చెవికి ఆనించాడు. ఈసారి గుటక వేసిన చప్పుడు. దప్పికైన మనిషి నీళ్లు తాగినట్టు, ఒక్కో ఊపుకి ఒక్కో గుటక. వాల్వు కట్టేశాడు.

ఈ పని చెయ్యమని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇది చేస్తున్నట్టు ఆయనా ఎవరికీ చెప్పలేదు.

నూనె చేరే తొట్టి దగ్గరికి వెళ్లి కొలతటేపు దించి చూశాడు. నిన్నటి నించి ముప్ఫై మూడు పీపాలు వచ్చాయి. మొన్న యాభై వచ్చాయి. సంచిలోంచి పుస్తకం తీసి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని, అక్షరాలు దిద్దుకునే పిల్లాడిలా నెమ్మదిగా రాశాడు: నలభై ఒకటి.

అది కొత్తలో ఫోర్మన్ నేర్పిన విద్య. పనిలో చేరిన మొదటి వారం చెవులాయన ఉన్నదున్నట్టు రాశాడు. ఇరవై, అరవై, పద్దెనిమిది. వారం తిరక్కుండా పైఆఫీసు నించి ఇద్దరు జీపులో దిగి, ఈ బావి నమ్మకమైంది కాదు, మూసేద్దామా అని మాట్లాడుకున్నారు. వాళ్లు వెళ్లాక ఫోర్మన్ నెత్తిన మొట్టినంత పని చేశాడు. "రోజుకో అంకె రాస్తే పైవాడు రోజుకో ప్రశ్న వేస్తాడ్రా. ఎక్కువొచ్చిన రోజుది తక్కువొచ్చిన రోజుకి సర్దు. ఏడాది చివర మొత్తం సరిపోతుందా లేదా? అంతే!" మొత్తం ఎప్పుడూ సరిపోయింది. ఒక్క పీపా కూడా తేడా రాలేదు. దొంగతనం కాదు, అబద్ధం కూడా కాదనే ఆయన అనుకున్నాడు. ఇంటి గుట్టు బయట పెట్టుకోకపోవటం లాంటిదనుకున్నాడు.

ఈ రోజు సాయంత్రం నాలుగింటికి ఆఫీసుగదికి రమ్మన్నారు.

కంపెనీ తన బావులన్నిటి ఆలనాపాలనా ఓ కాంట్రాక్టు సంస్థకి అప్పగించింది. దాన్ని ఔట్‌సోర్సింగు అంటారని నోటీసుబోర్డు మీద పెట్టారు. సొంతబిడ్డని డబ్బిచ్చి పక్కింట్లో పెంచటాన్ని ఏమంటారో మాత్రం రాయలేదు. ఆ సంస్థ ఇంజనీరమ్మాయి నెలరోజులుగా పాత పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించుకుంది. ఇక్కడున్న రెండు లైన్లకి, అంటే రెండు బావుల వరసలకి, ఇప్పుడు ఇద్దరు మనుషులు. ఇకమీదట ఒక్కడే. ఆ ఒక్కడూ ఎవరో ఈ సాయంత్రం చెబుతుంది.

రెండో మనిషి పక్కలైను చూసేవాడు, అందరూ నిద్రముఖం అంటారు. వాడు బావుల దగ్గరికి వెళ్లేది బుద్ధి పుట్టినప్పుడు. వెళ్లిన రోజు మాత్రం ఉన్నదున్నట్టు రాసేవాడు. అబద్ధమాడటానిక్కూడా ఓపిక ఉండాలి కదా.

పొద్దున బండి తీస్తుంటే భార్య గుమ్మంలో నిలబడి అంది: "ఆ అమ్మాయి ముందు నోరు విప్పండి. ఇంట్లో ఎలాగూ విప్పరు, అక్కడన్నా విప్పండి. ఇన్నేళ్లు ఏం చేశారో చెప్పుకోపోతే ఎవరికి తెలుస్తుంది?"

"బావిని చూస్తే తెలీదుటే?"

"బావికేమన్నా నోరుందా? మీకున్నదే అంతంతమాత్రం."

ఆయన నవ్వి కిక్కు కొట్టాడు. ఆవిడ నవ్వలేదు.

మిగతా పదమూడు బావులూ చూసేసరికి రెండయింది. మట్టిదారి వెంట ఒక దాని తర్వాత ఒకటి, కంచె తాళం తియ్యటం, గేజీ చూడటం, నట్లు బిగించటం, తాళం వెయ్యటం. చేతులకి పట్టిన నూనెమరక ఏ సబ్బుకీ వదలదు. గోళ్లచుట్టూ నల్లటి అంచులా ఉండిపోయింది. దారిలో ఆయనకి ఎందుకో అక్క గుర్తుకొచ్చింది. అక్క పోయినప్పుడు మధ్యాహ్నానికి ఆ ఊరు చేరి, కడచూపు చూసి, తిరుగు బస్సు ఎక్కేశాడు. తెల్లారితే తొమ్మిదో నంబరు పట్టేస్తుంది మరి. "నీ నూనెబావి కన్నా అలుసైపోయిందా నా భార్య?" అన్నాడు బావ బస్సు మెట్టు దగ్గర. ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు, పలకరించలేదు. ఆ రోజు అంకె ఎంత రాశాడో చెవులాయనకి చూడకుండానే తెలుసు. నలభై ఒకటో, నలభై రెండో. కూతురు పుట్టిన రోజుది కూడా అంతే. టైఫాయిడు జ్వరంతో ఒళ్లు కాలిపోతూ వచ్చి వాల్వు తిప్పిన తొమ్మిది రోజులవీ అంతే.

ఆఫీసుగదిలో ఫ్యాను గిర్రున తిరుగుతున్నా గాలి లేదు. ఇంజనీరమ్మాయికి పాతికేళ్లుంటాయి. మర్యాదగా లేచి కుర్చీ చూపించింది. ఫోర్మన్ కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. నిద్రముఖం అప్పటికే కూచుని ఆవలిస్తున్నాడు.

"మీ గురించి అందరూ గొప్పగా చెప్పారండీ, బాబాయిగారూ" అంది ఆ అమ్మాయి. "మీ లైను చూస్తే ముచ్చటేసింది. ఇదిగో, ఇది తొమ్మిదో నంబరు."

కంప్యూటర్ తెర ఆయనవైపు తిప్పింది. తెల్లటి తెరమీద ఆ కొసనించి ఈ కొసదాకా నీలంరంగు గీత ఒకటి తాడు లాగి కట్టినట్టు తిన్నగా ఉంది. ఇరవై ఆరేళ్లు. మొదటి కొసన చుక్కంత గజిబిజి తప్ప ఎక్కడా చిన్న వంకర లేదు.

"ఇంత బుద్ధిమంతురాలైన బావిని నేనెక్కడా చూళ్లేదు. దీనికే కాదు, మీ లైను మొత్తానికీ మనిషి అక్కర్లేదండీ. పొద్దున మీరు ఇటు రాగానే మావాళ్లు దీనికి అంకెలు పంపే పెట్టె బిగించేశారు. గేజీలు మా ఆఫీసులో కూచునే మాకు కనపడతాయి. నెలకోసారి ఎవరో ఒకరు వచ్చి చూస్తే చాలు. ఇక ఈయన లైను చూడండి..." ఇంకో తెర తీసింది. అక్కడ గీత ముళ్లకంచెలా పైకీ కిందికీ గంతులేస్తోంది. "ఇవి అల్లరి బావులు. వీటి దగ్గర మనిషి లేకపోతే కుదరదు."

నిద్రముఖం ఆవలింత సగంలో ఆపేశాడు. "నన్నే అంటున్నారా?" అన్నాడు. వాడి మొహంలో సంతోషం కన్నా భయమే ఎక్కువ కనపడింది.

చెవులాయన తెరమీదికి వంగి ఆ గీత వెంట వేలు నడిపాడు. నోరు విప్పండి, అంది భార్య.

"అది తిన్నగా లేదమ్మా" అన్నాడు చివరికి.

"ఏదండీ?"

"ఆ గీత. నేను తిన్నగా చేశాను. ఒకరోజు ముప్ఫై వస్తుంది, ఒకరోజు యాభై. సర్ది రాశాను. పొద్దున్నే గ్యాసు పట్టేస్తుందది. పక్క వాల్వు పావు తిప్పితే గానీ ఊపిరాడదు దానికి."

ఫోర్మన్ కిటికీ వదిలి వచ్చాడు. "ఏదో బాధలో అంటున్నాడు లెండి మేడమ్. పాతికేళ్ల పని కదా."

"అన్నా, నువ్వు చెప్పు. సర్దమన్నది నువ్వే కదా" అన్నాడు చెవులాయన అటు తిరిగి.

ఫోర్మన్‌కి ఇంకా ఎనిమిది నెలల సర్వీసు ఉంది. ఆయన గోడమీది గడియారం వంక చూశాడు. "నాకు గుర్తులేదురా" అన్నాడు.

ఇంజనీరమ్మాయి గొంతు తగ్గించింది. "బాబాయిగారూ, తప్పుడు అంకెలు రాశానని మీరంటే నేను రిపోర్టు చెయ్యాలి. మీకు రావాల్సిన డబ్బులన్నీ ఆగిపోతాయి. నేను విననట్టే ఉంటాను, సరేనా? పోనీ, రోజూ ఆ వాల్వు తిప్పేవారని ఎక్కడన్నా రాశారా? ఒక్క రోజన్నా?"

"రాయటానికి గడి లేదమ్మా పుస్తకంలో."

"ఆ పనిని ఏమంటారు? పేరు చెబితే మా పనుల లిస్టులో పెట్టే వీలుందేమో చూస్తాను."

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, చేతివేళ్లు గాల్లో పావు తిప్పు తిరిగాయి కూడా. "పేరు... పేరేం లేదమ్మా" అన్నాడు.

ఆ అమ్మాయి లిస్టు కాసేపు అటూ ఇటూ జరిపింది. దొరకలేదు. ఆమె తప్పేం లేదు. లేని పేరు ఎక్కడ దొరుకుతుంది? ఉద్యోగం ముగిసిందన్న కాగితం ముందుకి జరిపింది. ఆయన సంతకం పెట్టి, కంచెల తాళంచెవుల గుత్తి బల్లమీద పెట్టాడు. లేస్తుంటే నిద్రముఖం వెనకే గుమ్మందాకా వచ్చాడు.

"మావా, తొమ్మిది దగ్గరికి నేను వెళ్లిరానా రోజూ?"

"నీ లైను కాదుగా. ముట్టుకుంటే నీ ఉద్యోగం పోతుంది."

"అదీ నిజమే" అన్నాడు వాడు. ఆ మాట అన్నందుకు తలొంచుకున్నాడు.

ఆయన నేరుగా ఇంటికి పోలేదు. తాళంచెవి లేదు గనక, తొమ్మిదో నంబరు కంచె ఒక పక్క వంగినచోట కాలు వేసి అవతలికి దిగాడు. యాభై ఆరేళ్ల మోకాళ్లు కలుక్కుమన్నాయి. సాయంత్రపు ఎండలో దూలం పసుప్పచ్చగా ఊగుతోంది. బావితల పక్కన కొత్త పెట్టె, దానిమీద ఎర్రదీపం. అది వచ్చిన ఖాళీ అట్టడబ్బా కంచె మూల పడి ఉంది. ఆయన డబ్బా మూత అట్ట ఒకటి చించి, తొట్టిగోడ మీద పెట్టి, జేబులోంచి పెన్ను తీశాడు. రాయటానికి చాలాసేపు పట్టింది. 'వాల్వు' అన్న మాట ఎలా రాయాలో తెలియక రెండుసార్లు కొట్టేశాడు. కట్టుతీగతో ఆ అట్టని పక్క వాల్వుకి కట్టాడు. గట్టిగా ఉందో లేదో లాగి చూశాడు. పైపు మీద ఒక్కసారి అరచెయ్యి వేసి, మళ్లీ కంచె దాటాడు.

ఇంటి దగ్గర భార్య గుమ్మంలోనే ఉంది. "చెప్పాను" అన్నాడు ఆయన చెప్పులు విప్పుతూ. "చెప్పానే. ఇరవై ఆరేళ్లు ఆలస్యమైంది." ఆవిడ బక్కెట్లో వేణ్ణీళ్లు తోడింది.

మర్నాడు ఐదింటికే మెలకువ వచ్చింది. మంచం మీద కూచుని, ఎటూ వెళ్లేది లేక, కుడిపక్కకి ఒరిగి అలాగే ఉండిపోయాడు.

తొమ్మిదో నంబరు రోజురోజుకీ తగ్గుతూ పద్దెనిమిది రోజులు ఓర్చుకుంది. పంతొమ్మిదో రోజు నించి దూలం ఊగుతూనే ఉంది గానీ పైపులో గుటక లేదు. ఎక్కడో దూరాన తెరమీద నీలంగీత మొదటిసారి కిందికి వంగుతూ వచ్చి, నేలకి అంటుకుంది. పాతబావి, నూనె అయిపోయింది అని రాసుకున్నారు. నెల తిరిగాక ఇద్దరు కుర్రాళ్లు వచ్చి కరెంటు తీసేశారు. దూలం తల దించిన చోటే ఆగిపోయింది. వాళ్లలో ఒకడు వాల్వు దగ్గర వంగి చూసి, "ఎవడి రాతరా బాబూ ఇది, కోడి కెలికినట్టుంది!" అని నవ్వి, వదిలేసి వెళ్లాడు.

మధ్యలో పడిన రెండు వానలకి సిరా కారి, కొట్టివేతలు ఏవో అక్షరాలేవో కలిసిపోయాయి. ఉబ్బి చివికిన ఆ అట్టముక్క మీద 'పావు' అన్న రెండక్షరాలు మాత్రం ఇంకా చదివే వీలుంది, గాలి వీచినప్పుడల్లా అది వాల్వుకి మెత్తగా తగులుతూ ఉంటుంది.