కల్లు లేని అప్పం

"కల్లు లేకుంటె ఎట్ల సార్? జర సోచాయించుండ్రి."

పిట్టగోడ అవతల ఇంటి ఓనరు రామచంద్రం అన్న ఈ మాట వంటింట్లో ఉన్న పుణ్యవతి చెవిలో 'కళ్ళు' అని పడింది. ఎవరికో పాపం చూపు పోయిందనుకుని జాలిపడింది. పోపు చిటపటలాడేలోగా అసలు సంగతి తట్టింది. రామచంద్రం అన్నదమ్ములు ఈతచెట్లెక్కేవాళ్లు గానీ కంటి డాక్టర్లు కారు. పైగా ఆ సార్ ఎవరో కాదు, తన మొగుడు రామ్మోహనరావు. జాలి ఆవిరైపోయింది. చుక్క తాగకుండానే ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి.

రామ్మోహనరావు గవర్నమెంటాఫీసులో సూపరింటెండెంటు. ఒకప్పుడు సాయంత్రమైతే ఆయన నడక ఆయన మాట వినేది కాదు. మద్యనిషేధం వచ్చిన ఏడు మానేశాడు. తర్వాత నిషేధాన్ని ప్రభుత్వం ఎత్తేసింది గానీ పుణ్యవతి ఎత్తెయ్యలేదు. ఆ వాసన మళ్లీ ఇంట్లో వస్తే భీమవరంలో అన్నగారింటికి వెళ్లిపోతాననీ, ఈసారి తీసుకురావడానికి రావద్దనీ చెప్పేసింది. అలాంటిదేదీ నాలిక మీద వెయ్యనని ఆయన ఒట్టేశాడు.

పుణ్యవతి ముక్కుసూటి మనిషి. అంటే ముందు ముక్కు పనిచేస్తుంది, ఆ తర్వాత సూటిగా మాట వస్తుంది. ఆ వారమంతా ముక్కుకి చేతినిండా పని దొరికింది. ఆయన తెల్లారకుండా లేచి సామాన్ల గదిలోకి దూరుతున్నాడు. బయటికొచ్చి సబ్బుతో చేతులు తోముకుంటున్నాడు. గుడికెప్పుడు వెళతావని భార్యని అడుగుతున్నాడు, ఏనాడూ లేని భక్తితో.

దీనికి తోడు ఇంకొకటి. కొడుకు జశ్వంత్ మాదాపూర్లో కొత్తగా లేచిన అద్దాల మేడలో ఉద్యోగం చేస్తున్నాడు. అతని పై ఆఫీసరు కేరళ మనిషి, ఆదివారం టిఫినుకి వస్తున్నాడు. ఆ టిఫినేదో తానే చేస్తానన్నాడు రామ్మోహనరావు. కాఫీకి నీళ్లు మరగబెట్టడమే రాని మనిషి వంటకి ముందుకొస్తే ఎవరు నమ్ముతారు?

శుక్రవారం సామాన్ల గదిలో బియ్యం తీయబోతే, డబ్బా వెనక తడిగుడ్డ చుట్టిన షర్బత్ సీసా కనిపించింది. గుడ్డ జరిపి చూస్తే లోపల తెల్లగా, మబ్బుగా ఏదో ఉంది. మూత బిగించి ఉంది. పుణ్యవతి దాన్ని తీయలేదు. తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది. తెలిస్తే మాట ప్రకారం భీమవరం బస్సెక్కాలి. పాతికేళ్ల కాపురం ఆ మూత కింద ఉంది. సీసా మీద కుంకుమతో గీత పెట్టి వచ్చేసింది. మర్నాడు చూస్తే మట్టం వెంట్రుకవాసి తగ్గలేదు. కుదుటపడాల్సింది పోయి, తాగినంత మేరా నీళ్లు కలుపుతున్నాడని నిర్ధారించుకుంది. నాలుగు చీరలు సంచిలో కుక్కి మంచం కిందకి తోసింది.

ఆ మధ్యాహ్నం ఢామ్మని చప్పుడైంది. కొండాపూర్లో మేడల కోసం బండలు పేల్చడం మామూలే కాబట్టి మొదట ఎవరూ కదల్లేదు. కానీ పేలింది సామాన్ల గది. పుల్లటి వాసన గుప్పుమంది. జశ్వంత్ పరిగెత్తుకొచ్చాడు. గోడ దూకి రామచంద్రం వచ్చాడు. కిటికీల్లోంచి ఇరుగుపొరుగు తలలు తొంగిచూశాయి. గది గుమ్మంలో రామ్మోహనరావు నెత్తిన నురగతో నిలబడ్డాడు.

రామచంద్రం గాలి పీల్చి, "మావోళ్ల కాడ తెచ్చింది కాదమ్మా. కానీ మస్తుగ పులిసింది," అన్నాడు.

పుణ్యవతి సంచి తెచ్చి నడవాలో పెట్టింది.

రామ్మోహనరావు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ చెప్పుకొచ్చాడు. దోసెలాంటి కేరళ అప్పానికి పిండి పొంగాలంటే కల్లు పొయ్యాలట. వేరే దారేదైనా ఉందా అని రామచంద్రాన్ని అడిగితే లేదన్నాడు. బోరబండ బేకరీ ఆయన మాత్రం కొబ్బరినీళ్లలో పంచదార, చిటికెడు ఈస్ట్ వేసి ఒక రాత్రి ఉంచితే అదే పని చేస్తుందన్నాడు.

"ఒక్క రాత్రికి అయ్యేదాన్ని ఇన్నాళ్లు దాచడం దేనికండీ?" అంది పుణ్యవతి.

"నీ ముక్కుకి జడిసి మూత బిగించాను. పులిసిందో లేదో నోట్లో వేసుకుంటే గానీ తెలీదు. వేసుకోనని నీకు మాటిచ్చానుగా. అందుకని ఇంకో రోజు చూద్దాం, ఇంకో రోజు చూద్దాం అని ఉంచేశాను."

సీసా ముక్కల మీద నురగ ఇంకా చిటచిటలాడుతోంది.

"అరె, జర వేలు ముంచి నాకితే అయిపోతుండె గద సార్," అన్నాడు రామచంద్రం.

"నాకలేదు కాబట్టే పేలింది," అంది పుణ్యవతి. ఆ మాట పైకి అన్నాకే ఆవిడకి పూర్తిగా అర్థమైంది. తాగినవాడి సీసా ఖాళీ అవుతుంది గానీ పేలదు.

సంచిని తిరిగి గదిలోకి తీసుకెళ్లి కాలితో మంచం కిందకి నెట్టేసింది. ఓ బోండాం కొట్టించుకు రమ్మని జశ్వంత్‌ని పంపింది. "ఈసారి మూత వదులుగా పెట్టండి. రుచి నేను చూస్తాను," అని మొగుడితో అని, చేతులు తుడుచుకుంటూ కిటికీ దగ్గరకు వెళ్లింది. కల్లు కాదు, కొబ్బరినీళ్లేనని, మా ఆయన ముట్టుకోకపోబట్టే పేలిందని, తొంగిచూస్తున్న తల తలకీ వివరంగా చెప్పడం మొదలుపెట్టింది.