ఒక్క నిమిషం ఆగాలండి

విజయ్ పాల్ మాస్టారు నలభై రెండోసారి మొదటి లైను టైపు చేయడం మొదలుపెట్టారు. వెన్ను నిటారుగా ఉంది, మోచేతులు పక్కలకు ఆనుకుని ఉన్నాయి, కళ్లు ఎడమపక్క స్టాండుకు తగిలించిన కాగితం మీద ఉన్నాయి. వేళ్లు చూడాల్సిన పని లేదు, తెర చూసే అలవాటూ లేదు. రామచంద్రపురంలో పాతికేళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. కాపీ మీంచి కళ్లు తిప్పిన పిల్లల వేళ్ల మీద స్కేలుతో కొట్టిన మనిషి. ఆ మిషన్లన్నీ పాత ఇనుము కింద పోయి చాలా కాలమైంది గానీ, ఆయన కళ్లు మాత్రం కాపీని వదల్లేదు.

ఇప్పుడాయనకు యాభై ఏడు. కాకినాడలో ఓ మూడో అంతస్తు ఆఫీసులో కాంట్రాక్టు మీద పని. వరి తెగుళ్ల దగ్గర్నుంచి అరటి గెల కోత దాకా డెల్టా రైతుకు కావలసిన సంగతులన్నీ పేజీలుగా పెట్టే వికీ ఆ ఆఫీసుది. ఏడేళ్లుగా అందులో సగం పేజీలు టైపు చేసింది మాస్టారే. కొత్తగా వచ్చిన చిక్కేమిటంటే, ఇకమీదట ఎవరూ అసలు వికీ మీద చెయ్యి పెట్టకూడదు. ఎవరి మెషిన్లో వాళ్లు దాని నకలు ఒకటి లేపుకుని, అందులో సరిచూసుకున్నాకే పైకి పంపాలి. ఆ నకలు కంటెయినర్లలో ఉంటుంది. మాస్టారు దాన్ని టిఫిన్ కారియర్‌లా అర్థం చేసుకున్నారు. ఒక గిన్నెలో వికీ ప్రోగ్రాము, ఇంకో గిన్నెలో పేజీలు దాచుకునే డేటాబేస్. రెండూ ఒకే పిడికి తగిలితేనే పైకి లేస్తాయి.

శుక్రవారం నాలుగింటికల్లా ఎవరి వికీ వాళ్ల తెర మీద కనబడాలని, కనబడనివాళ్లకు ఒకటో తారీఖు నుంచి కాంట్రాక్టు ఉండదని సోమవారమే చెప్పేశారు. పదకొండు మందిలో పదిమందికి ఆ రోజే లేచింది. ఇవాళ శుక్రవారం. ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి ఆరిపోతుందని కాదు ఆయన బెంగ. భార్య దేవకుమారికి టీచరు పింఛను వస్తోంది. కానీ ఈ ఆఫీసు దాటితే ఆయన్ని మాస్టారూ అని పిలిచే చోటు మరొకటి లేదు. ఆ పిలుపు లేకుండా పొద్దున్నే లేచి ఏం చేయాలో ఆయనకు నిజంగానే తెలియదు.

మొదటి లైను అయింది. అది కంటెయినర్లను లేపమనే ఆజ్ఞ. ఎంటర్. ఊపిరి తీసుకునేంత ఖాళీ కూడా ఇవ్వకుండా రెండో లైను, వికీని డేటాబేస్‌లో ఎక్కించమని. ఎంటర్. అప్పుడు తల తిప్పి తెర చూశారు. ఎర్ర అక్షరాలు. డేటాబేస్ పలకడం లేదట.

"ఏంటి మాస్టారూ, మళ్లీ ఎరుపేనా?" అన్నాడు టీమ్ లీడు రమేష్ బాబు, కుర్చీలోంచి లేవకుండానే. "కాపీ పేస్ట్ చేసుకోండీ అంటే వినరు కదా మీరు."

అది ఆయన దృష్టిలో పరీక్షలో పక్కవాడి కాగితం చూసి రాయడమే. దిద్దుకోవడం కూడా ఆయనకు చేతకాదు. ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో రబ్బరు కనబడకూడదు. తప్పు పడితే కాగితం లాగేసి కొత్తది ఎక్కించాల్సిందే. అందుకే ఎరుపు కనబడినప్పుడల్లా మొత్తం కూల్చేసి, మళ్లీ మొదటి లైను నుంచి వస్తున్నారు. బుధవారం లూథరన్ చర్చి ప్రార్థన కూటంలో దేవకుమారి కంటెయినర్ పేరు చెప్పి మరీ ప్రార్థన చేయించింది. పోర్టులో ఎవరి సరుకో చిక్కుకుందనుకుని అందరూ భక్తిగా కళ్లు మూసుకున్నారు.

మూడింటికి, నలభై మూడోసారి మొదటి లైను కొట్టి ఎంటర్ నొక్కిన క్షణాన, ఆఫీసులో టీలిచ్చే రత్తమ్మ గ్లాసు తెచ్చి నేరుగా కీబోర్డు మీదికి చాపింది.

"ముందు తాగండి మాస్టారూ. చల్లారిపోతే మళ్లీ నన్నే అంటారు."

కాదనలేక తాగారు. రత్తమ్మ తన మోకాలి నొప్పి సంగతి చెబుతూంటే విన్నారు. గ్లాసు తిరిగిచ్చి రెండో లైను కొట్టారు. తల తిప్పితే ఎరుపు లేదు. తెర మీద వికీ మొదటి పేజీ తెల్లగా విచ్చుకుని ఉంది.

మాస్టారికి నమ్మకం చాలక కూల్చేసి, ఆగకుండా రెండు లైన్లూ కొట్టి చూశారు. ఎరుపు. మళ్లీ కూల్చి, మధ్యలో ఒక నిమిషం ఆగి కొట్టారు. లేచింది. అప్పుడు బోధపడింది. మొదటి ఆజ్ఞ వెంటనే సరేనంటుంది గానీ, డేటాబేస్ లేచి కూర్చోవడానికి కాసేపు పడుతుంది. మిగతావాళ్లు వెతుక్కుంటూ, తెర చూసుకుంటూ, ఒక్కో లైనూ అతికించుకునేసరికి ఆ కాసేపూ గడిచిపోతోంది. ఆఫీసులో అందరికన్నా చురుకైన వేళ్లు కాబట్టే ఆయనకు ఐదు రోజులు పట్టింది. మాస్టారు ఒక్కరే పైకి నవ్వేశారు.

మూడూ ముప్పావుకి మేనేజరు గదిలోకి వెళ్లారు. మేనేజరు ఉమాశ్రీ ఒకప్పుడు ఆయన దగ్గర టైపు పరీక్షలు లోయరూ హయ్యరూ పాసైన పిల్లే.

"వికీ లేచిందండి," అన్నారు నిలబడే.

"నిజమా మాస్టారూ! కూర్చోండి. ఎలా లేచిందండీ?"

చెప్పారు. ఆవిడ శ్రద్ధగా వింది, బయటికొచ్చి ఆయన తెర కూడా చూసింది. "ఇది కొత్తవాళ్లకి చాలా పనికొస్తుందండి. మన గైడ్‌లో రాసి పెట్టేయరూ? మీ చేతికి ఎంతసేపండీ."

పది నిమిషాలు కూడా పట్టలేదు. మొదటి లైను కొట్టాక ఒక్క నిమిషం ఆగాలండి, డేటాబేస్ లేవాలి, ఈలోగా టీ తాగొచ్చు, కంగారు పడకండి అని రాశారు. ఉమాశ్రీ చదివి, బాగుందండి అని, భద్రపరిచి, అప్పుడు సొరుగు లాగింది. అందులోంచి పూతరేకుల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. తీసేసేవాళ్ల లిస్టు పైవాళ్లు ఖాయం చేసేశారు. నా చేతుల్లో ఏం లేదండి."

"లేచింది కదండీ."

"లేచిందండి. చూశాను కదా."

ఆవిడ డబ్బాను కొంచెం ఇటు జరిపింది. "ఆత్రేయపురంవండి. నెయ్యీ బెల్లం. మంగళవారం అటు వెళ్లినప్పుడే మీ కోసమని ప్రత్యేకంగా తెచ్చాను."

మంగళవారం. మాస్టారు మనసులో రోజులు వేసుకున్నారు. దేవకుమారి ప్రార్థన చేయించింది బుధవారం. తను భోజనం మానేసి మెషిన్ ముందు కూర్చున్నది గురువారం. నలభై మూడుసార్లలో ముప్పై పైచిలుకు మంగళవారం తర్వాతవే. నోరుజారిన సంగతి ఉమాశ్రీకి కూడా తెలిసింది. ముఖం ఎర్రబడింది.

"షుగరు లేదు కదండీ మీకు?"

పదకొండేళ్లుగా ఉంది.

"లేదమ్మా," అన్నారు మాస్టారు. ఆ ఆఫీసులో ఆవిడను అమ్మా అనడం అదే మొదటిసారి.

డబ్బా తెచ్చుకుని తన బల్ల మీద పెట్టారు. కంటెయినర్లు ఒక్కొక్కటిగా ఆపి, మెషిన్ కట్టేసి, కుర్చీ లోపలికి తోశారు. రమేష్ బాబు ఫోన్లో ఉన్నాడు, చెయ్యి ఊపాడు, రోజూ సాయంత్రం ఊపినట్టే. గోడ పట్టుకుని మూడంతస్తులూ దిగిపోయారు. డబ్బా మరిచిపోయారో, వదిలేశారో ఎవరూ అడగలేదు.

సోమవారం ఆ కుర్చీలో దీవెన అనే కొత్తమ్మాయి చేరింది. గైడ్ చూసుకుంటూ పదకొండు నిమిషాల్లో వికీ లేపేసింది. ఈలోగా టీ తాగొచ్చు అన్న చోట పకపకా నవ్వి, పైకి చదివి వినిపించింది. అందరూ నవ్వారు. రమేష్ బాబు ఆ వాక్యం, కంగారు పడకండి అన్న వాక్యం, చివరి అండీలూ తీసేసి గైడ్‌ను శుభ్రం చేశాడు. పూతరేకులు తలా ఒకటీ వచ్చాయి. నెయ్యి మంచిదన్నారు.

ఖాళీ డబ్బా ఆ బల్ల మీదే ఉండిపోయింది. దీవెన అందులో పెన్‌డ్రైవులు వేసుకుంటోంది. మూత మీద నీలం సిరాతో 'మా మాస్టారికి, ప్రేమతో, ఉమ' అని ఉంది, కింద మంగళవారం నాటి తారీఖు.