కిటికీకి ఎదురుగా కారు

గ్లెనిస్ తడిగుడ్డతో కారు అద్దం తుడుస్తూ మధ్యలో ఆగి, ఎడమ దవడ నొక్కుకుంది. పోర్ట్ పిరీలో కారున్న వాళ్లంతా పొద్దున్నే చేసే పని ఇదే. సీసం కరిగించే ఫ్యాక్టరీ గొట్టం రాత్రంతా కక్కిన ధూళిని పొడిగుడ్డతో తుడిస్తే ఇంకా పాకుతుంది, అందుకని తడిగుడ్డ. దవడ సంగతికొస్తే, పళ్లసెట్టు కొత్తది. అలవాటయ్యేదాకా లాగుతుందని పళ్ల డాక్టరు ముందే చెప్పాడు. భుజం ఎందుకు లాగుతోందో మాత్రం ఆయన చెప్పలేదు. నిన్న మొక్కలకి నీళ్లు మోశాను కదా, అదే అయ్యుంటుందిలే అనుకుంది.

పొట్టి మనిషి. భుజాలు వెడల్పు. బడి క్యాంటీన్లో ఏళ్ల తరబడి బంగాళాదుంపలు వేయించిన చేతులు, మణికట్టు దాకా నూనె చిందిన మచ్చలు. జుట్టు తనే కత్తిరించుకుంటుంది, అది చూసిన ఎవరికైనా తెలిసిపోతుంది. వీధిలో ఎదురైతే పలకరించి మరుక్షణం మరిచిపోయే మనిషి అన్నమాట.

వెనక సీట్లో నీళ్ల సీసా, ఫ్లాస్కు, పిప్పరమెంట్లు సర్దింది. తుడుచుకునే కాగితాల డబ్బాని మాత్రం ముందు సీటు కిందకి తోసింది. అది ఎదురుగా కనిపిస్తే ఏడవమని చెప్పినట్టుంటుందని ఆమె నమ్మకం. ఆఫీసులోని చదువుకున్న పిల్లలు బల్ల మధ్యలో పెడతారు. పెట్టుకోనీ, ఎవరి పద్ధతి వాళ్లది.

ఆఫీసంటే పెద్దదేమీ కాదు. పెళ్లి కాకుండా తల్లులైన ఆడపిల్లల దగ్గర్నించి బిడ్డల్ని లాక్కుని దత్తతకిచ్చిన కాలం ఒకటుంది ఈ దేశంలో. ఆ తల్లులు ముసలివాళ్లయ్యాక పార్లమెంటు క్షమాపణ చెప్పింది. చెప్పి ఊరుకుంటే బాగుండదని అక్కడక్కడా ఇలాంటి సహాయ కేంద్రాలు పెట్టించింది. బిడ్డల్ని వెతికేవాళ్లు వేరు, ఫోన్లు చేసేవాళ్లు వేరు. అదంతా అయ్యాక గ్లెనిస్ పని మొదలవుతుంది. తల్లిని కారులో ఎక్కించుకోవాలి, బిడ్డ ఒప్పుకున్న చోటికి తీసుకెళ్లాలి, మళ్లీ ఇంటికి చేర్చాలి. అంతే. ఆ అంతే అన్నది ఎంత కష్టమో ఇవాళ ఎక్కబోయే మెర్ల్ హాకింగ్‌ని అడగాలి.

మెర్ల్ ఇప్పటికి రెండుసార్లు ఎగ్గొట్టింది. మొదటిసారి ఇస్త్రీపెట్టె ఆపలేదంటూ పక్క ఊరు క్రిస్టల్ బ్రూక్ దాటకుండానే కారు వెనక్కి తిప్పించింది. రెండోసారి బర్రా ఊళ్లో, కూతుర్ని కలవాల్సిన బేకరీ గుమ్మం దాకా వెళ్లి, బాత్రూమ్‌కని చెప్పి వెనక తలుపులోంచి జారుకుంది. రెండుసార్లూ ఆమె కూతురు జానీన్ పనికి సెలవు పెట్టి ఎక్కడో దూరానున్న రెన్మార్క్ నుంచి వచ్చి, చల్లారిన టీ ముందు కూర్చుని తిరిగి వెళ్లిపోయింది. రెండోసారి తరవాత ఆఫీసుకి కబురు పెట్టింది: "ఇంకొక్కసారి వస్తాను. ఆవిడ రాకపోతే ఇక నన్ను అడగొద్దు."

ఆ ఇంకొక్కసారి ఇవాళ.

మెర్ల్ గుమ్మంలో నీలం గౌనుతో, వీధిలో ఎవరో తరుముతున్నట్టు నిలబడి ఉంది. గ్లెనిస్ ఆమెను దాటుకుని తిన్నగా ఇంట్లోకి వెళ్లి ఒక చుట్టు చుట్టి వచ్చింది. కారు ఊరు దాటిందో లేదో మెర్ల్ మొదలుపెట్టింది.

"ఏమే గ్లెనిస్, ఇస్త్రీపెట్టె తీశానో లేదో గుర్తు రావట్లేదే."

"తీశావు. తీసింది అల్మరాలో పెట్టి వచ్చాను. పొయ్యి కట్టేశా, కుళాయి చూశా, నీ పిల్లికి పాలు పోశా. ఇంకేమైనా ఉందా?"

"నీ దుంపతెగ! అన్నీ చూసే వచ్చావన్నమాట."

"రెండుసార్లు ముంచావు. మూడోసారి ముంచనిస్తానా?"

మెర్ల్ నవ్వింది గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. రోడ్డుకి రెండు వైపులా కోతకొచ్చిన గోధుమ చేలు. ఇక్కడ నవంబరంటే ఎండాకాలం మొదలు, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. మెర్ల్ చేతిసంచీ జిప్పు తెరుస్తోంది, మూస్తోంది.

"నన్నెందుకు ఇచ్చేశావని అడిగితే ఏం చెప్పనే?"

"నువ్వు ఇచ్చావా?"

"సంతకం పెట్టానుగా."

"మత్తుమందు దిగకముందే చేతికి కలమిచ్చి పెట్టించారు. నాకూ అంతే చేశారు. నువ్వు ఏమని అరిచావో నాతో చెప్పావు చూడు, ఆ మాటే దానితో చెప్పు."

మెర్ల్ అరిచిన మాట చిన్నదే. చూపించండి, ఒక్కసారి చూపించండి. కానుపు బల్ల మీద ఆమె కళ్ల ముందు దుప్పటి అడ్డం పట్టుకుని, దాని వెనకనుంచే బిడ్డని ఎత్తుకుపోయారు. ఏడుపు వినబడింది. కాళ్లు కూడా కనబడలేదు. తరవాత పెళ్లి చేసుకుంది, ఇద్దరు కొడుకుల్ని కన్నది, మొగుణ్ణి కాటికి సాగనంపింది. ఆ కొడుకులకి ఈ అక్క సంగతి ఇవాళ్టికీ తెలియదు. తాను చూపించమని అరిచానన్న సంగతి ఆ కూతురికొక్కదానికైనా తెలియాలి. చచ్చేలోపు మెర్ల్‌కి కావలసింది అదొక్కటే. అదే ఆమెను వణికిస్తోంది కూడా.

"మరి నీ కొడుకు?" అంది మెర్ల్, స్పాల్డింగ్ ఊరు దగ్గర పడుతుండగా. "మళ్లీ అడగలేదా?"

"లేదు."

"ఒక్కసారి అడిగితే పోయేదేముందే?"

"వద్దన్నాడు మెర్ల్. మనం వద్దు వద్దంటున్నా వినకుండా ఎత్తుకుపోయారు. వాడు వద్దంటే కూడా వినకపోతే నాకూ ఆ నర్సులకీ తేడా ఏముంది?"

ఈ మాట గ్లెనిస్ మామూలుగానే అంది, గేరు మారుస్తూ. కానీ మనసు మామూలుగా లేదు. పదిహేడేళ్లప్పుడు నగరంలో పెళ్లికాని తల్లుల్ని ఉంచే ఆశ్రమం లాండ్రీలో నిండు నెలలతో దుప్పట్లు పిండింది. బిడ్డని తీసుకున్నాక పాలు రాకుండా రొమ్ములకి గట్టిగా గుడ్డ చుట్టారు. ఇంటికొచ్చిన రోజు నాన్న తలెత్తకుండా ఉప్పు అందివ్వమన్నాడు. ఆ ఇంట్లో ఆ విషయం గురించి నడిచిన మాట అంతే. కట్టుకున్న మొగుడు కాలిన్ మంచివాడు. పిల్లలు కలగకపోతే తనదే లోపమనుకుని కుమిలేవాడు. ఆయనకి నిజం చెప్పడానికి ఆమె నోరు పెగల్లేదు. ఆయన పోయాకగానీ కొడుకుని వెతికించలేదు. దొరికాడు. బాగున్నాడు. చూడాలని లేదన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి వంటింటి నేలంతా కడిగింది, మర్నాడు ఆఫీసుకి వెళ్లి నాకేదైనా పని చెప్పండి అంది. తన తలుపు తెరుచుకోకపోతే పోయింది, మిగతావాళ్ల తలుపులైనా తెరుచుకోవాలి. ఆ విషయంలో గ్లెనిస్ మొండిఘటం.

బర్రా ఊరు కనిపించేసరికి దవడ నొప్పి మెడలోకి దిగింది. ఒళ్లంతా చల్లటి చెమట. ఇది పళ్లసెట్టు కాదని ఆమెకి అప్పుడు తెలిసింది.

"ఏమైందే? మొహం పాలిపోయింది." మెర్ల్ ఆశగా చూసింది. అవును, ఆశగానే. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టుంది. "నీకు బాగోలేదు. వెనక్కి పోదాం పద. ఆసుపత్రికి పోదాం."

గ్లెనిస్‌కి ఒళ్లు మండింది. "పళ్లసెట్టు! కొత్తది, కొరుకుతోంది. నీకు వెనక్కి తిరగడానికి నా పళ్లే దొరికాయా?"

బేకరీ ముందు, పెద్ద కిటికీకి తిన్నగా ఎదురుగా కారు ఆపింది. అది ఆమె పద్ధతి. తల్లితో లోపలికి వెళ్లదు, పక్క సందులో నీడ చూసుకుని ఆపదు. కిటికీలోంచి చూస్తే ఎప్పుడైనా సరే కారూ, అందులో తనూ కనబడాలి. ఆ రోజుల్లో కడుపుతో ఉన్న ఆడపిల్లల్ని ఆసుపత్రి గుమ్మంలో దింపి, మళ్లీ వస్తామని చెప్పి వెళ్లిపోయినవాళ్లే అందరూ. అందుకని ఆమె కదలదు. ఎండైనా, వానైనా.

"కిటికీ పక్క కుర్చీలో కూర్చో," అంది. "భయమేస్తే నా వైపు చూడు. నేనిక్కడే ఉంటాను. నువ్వు బయటికొచ్చేదాకా కదలను."

"ఒట్టు?"

"ఒట్టే తల్లీ, ఒట్టే. దిగు ఇంక."

మెర్ల్ దిగింది. గుమ్మం దగ్గర ఆగింది. గ్లెనిస్ కారులోంచే, వెళ్లవే, వెళ్లు, నీకు పుణ్యముంటుంది అని గొణిగింది. లోపల ఒక పొడుగాటి ఆడమనిషి లేచి నిలబడింది. యాభై దాటి ఉంటుంది, బడి బస్సు నడిపేవాళ్ల యూనిఫాం చొక్కా. ఇద్దరూ కౌగిలించుకోలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు నిలబడి, కూర్చున్నారు. మెర్ల్ వెంటనే కిటికీలోంచి చూసింది. గ్లెనిస్ చెయ్యెత్తింది.

చెయ్యి దించాక ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టయింది.

హారన్ చేతికి అందేంత దూరంలోనే ఉంది. నొక్కితే నలుగురూ పరుగెత్తుకొస్తారు, అందరికంటే ముందు మెర్ల్ వస్తుంది. వచ్చిందంటే ఇక లోపలికి వెళ్లదు. జానీన్ కూడా మళ్లీ రాదు. టీ వచ్చేదాకా చూద్దాం, చేతిలో కప్పుంటే మనిషి లేవదు అనుకుంది గ్లెనిస్. టీ వచ్చింది. మెర్ల్ మాట మొదలుపెట్టేదాకా చూద్దాం అనుకుంది. మెర్ల్ మాట్లాడుతోంది. రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా చాచి, దుప్పటి ఎలా పట్టుకున్నారో చూపిస్తోంది. చెప్పేస్తోంది! చెప్పు, మొత్తం చెప్పు.

అంతా విన్నాక జానీన్ బల్ల మీదుగా వంగి, మెర్ల్ కళ్లజోడు తీసి, తన చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచి, మళ్లీ ఆమె మొహానికి పెట్టింది.

గ్లెనిస్‌కి ఎంత సంతోషం వేసిందంటే, నొప్పి కాసేపు ఎవరిదో అనిపించింది. తల సీటుకి ఆనించింది. ఇప్పుడు నొక్కవచ్చు హారన్, ఇక పరవాలేదు. చెయ్యి ఒడిలోంచి లేవలేదు. సరే, ఒక్క నిమిషం ఆగి నొక్కుదాం అనుకుంది.

లోపల టీలు రెండోసారి వచ్చాయి. మాంసం కూరిన పాస్టీలు వచ్చాయి. మెర్ల్ మధ్యమధ్య కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఎప్పుడు చూసినా కారు అక్కడే ఉంది, సీటుకి తల ఆనించుకుని గ్లెనిస్ అక్కడే ఉంది. చూసిన ప్రతిసారీ మెర్ల్‌కి ఇంకాస్త ధైర్యం వచ్చింది. కొడుకులకి చెబుతానంది. ఆదివారం భోజనానికి పిలుస్తానంది. ఇస్త్రీపెట్టె సంగతి చెప్పి జానీన్‌ని పగలబడి నవ్వించింది.

"అదిగో, ఆవిడే. నన్ను లోపలికి తోసింది. పొద్దుట్నించీ నాకోసం కదలకుండా కూర్చుంది."

"పాపం, ఎండలో! లోపలికి పిలుద్దాం."

"రాదమ్మా. అది ఆవిడ పద్ధతి."

"అయితే తినడానికైనా ఏదన్నా పట్టుకెళదాం. ఏం ఇష్టం ఆవిడకి?"

మెర్ల్ చేతిసంచీ తెరిచింది. ఇంతకాలం తన గోడు మొత్తం విన్న మనిషికి ఏం ఇష్టమో ఒక్కసారైనా అడగలేదు. సిగ్గేసింది. అద్దాల పెట్టెలో చాక్లెట్లో ముంచి కొబ్బరికోరు అద్దిన లామింగ్టన్లుంటే, అందులో అన్నిటికంటే పెద్దది చూపించింది. "అది. డబ్బులు నేనిస్తాను, నువ్వు తియ్యకు."

ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని బయటికొచ్చారు. మెర్ల్ వేళ్లతో అద్దం మీద కొట్టింది.

"ఏమేవ్, చాల్లే నిద్ర! చూడు, ఎవరిని తీసుకొచ్చానో."

మళ్లీ కొట్టింది. జానీన్ చేతిలోని తినుబండారం సంచీ కారు బోనెట్ మీద పెట్టి, తలుపు తెరిచి, గ్లెనిస్ మెడ మీద రెండు వేళ్లు ఆనించి చూసింది. బస్సు నడిపేవాళ్లకి అవన్నీ నేర్పుతారు. వెనక్కి తిరిగి మెర్ల్ వైపు చూసి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"పళ్లసెట్టని చెప్పింది," అంది మెర్ల్. "పళ్లసెట్టని అబద్ధం చెప్పింది నాతో." జానీన్ ఆమెను నేల మీద పడనివ్వలేదు. రెండు చేతులా పొదివి పట్టుకుంది. మెర్ల్ ఆ చొక్కాలో మొహం దాచుకుని, పద్దెనిమిదేళ్లప్పుడు ఏడవనివ్వని ఏడుపు కూడా కలిపి ఏడ్చింది.

అంబులెన్సు నెమ్మదిగానే వచ్చి నెమ్మదిగానే వెళ్లింది. జానీన్ తన కారులో మెర్ల్‌ని ఎక్కించుకుని దాని వెనకే వెళ్లింది.

కిటికీకి ఎదురుగా ఉన్న కారుని సాయంత్రం దాకా ఎవరూ తీయలేదు. దాని బోనెట్ మీద బేకరీ కాగితం సంచీ పెట్టినచోటే ఉంది. ఎండకి లోపలి చాక్లెట్ కరిగి సంచీ అడుగున ముదురు మరక పాకింది, మూతి దగ్గర అంటుకున్న కొబ్బరికోరు మాత్రం ఇంకా తెల్లగానే ఉంది.