ఐవిన్‌ని నమ్ముతారా?

ఐవిన్ మళ్ళీ నొక్కాడు. ఫోను మళ్ళీ కుదరదంది.

"నీ కడుపు మాడ!" అని ఒక్క అరుపు అరిచాడు. ఆ అరుపుకి నార్వేలోని ఓలెసున్ రేవులో కూర్చున్న సముద్రపు పిట్టలన్నీ లేచిపోయి డెన్మార్క్‌లో దిగాయి. నా నెత్తి మీదుగానే పోయాయి మరి!

గుడ్నీ అనే ఆవిడ వంటింట్లో ఐవిన్ మేజోళ్ళతో నిలబడ్డాడు. బూట్లు గుమ్మం దగ్గరే విప్పాడు. ఎడమ మేజోడులోంచి బొటనవేలు తొంగిచూస్తోంది. యాభై దాటాయి, భుజాలు వానలో నానిన అట్టపెట్టెలా జారిపోయాయి. ఆఫీసులో కుర్రాళ్ళు యాప్ వండితే, అందరికీ వడ్డించే ముందు రుచి చూడమని పడవలవాళ్ళ ఫోన్లలో ఎక్కించడం ఆయన పని. ఆఫీసువాళ్ళు ముందే రాసిపెట్టుకున్న ఫోన్లలో తప్ప అది ఎక్కి చావదు. పడవలవాళ్ళేమో ఫోన్లు నీళ్ళలో పడేస్తారు. ఆ రేవులో వలేస్తే చేపలకంటే ముందు ఫోన్లొస్తాయి, మోగుతూ.

ఇవాళ గుడ్నీ ఫోన్లో ఎక్కకపోతే ఆవిడ వెనకాలే పడవలన్నీ వేరే కంపెనీకి పోతాయి, ఐవిన్ ఇంటికి పోతాడు. పొద్దున్నే చెప్పేశాడు కంపెనీ పెద్ద హెన్నింగ్.

"ఇది కొత్త ఫోనా? పాతదేదండీ?"

"చేప మింగింది." గుడ్నీ కాఫీ పోసింది. డెబ్బై ఏళ్ళ మనిషి, మొగుడి పడవ తనే నడుపుతుంది.

"ముందే చెప్పొద్దూ!"

"నా వంటింట్లో నా మీదే అరుస్తావేంటయ్యా? తాగు."

ఐవిన్ ఆఫీసుకి ఫోన్ చేసి, కొత్త ఫోను రాసుకోండ్రా వెధవల్లారా అని తిట్టి, ఇంకో యాప్ తెప్పించాడు. ఈసారి ఎక్కింది. తెరవబోతే ఫోనేదో అడిగింది. గుడ్నీ కళ్ళద్దాలు పెట్టుకుని పైకి చదివింది.

"ఇది చేసింది ఐవిన్ స్కార. ఈయన్ని నమ్ముతారా?"

ఐవిన్ మొహం ఉడికిన రొయ్యలా అయింది. కంపెనీ పెట్టినప్పుడు హెన్నింగ్ బద్ధకించి యాప్ చేసినవాడిగా ఐవిన్ పేరే రాసేశాడు, తర్వాతెవరూ మార్చలేదు. ఇన్నేళ్ళూ ఈ ప్రశ్న రాగానే ఐవిన్ ఫోను లాక్కుని, వాళ్ళు చూసేలోపు తనే నొక్కేసేవాడు.

"ఇటివ్వండి, నేన్నొక్కుతా."

"ఆగవయ్యా. అడిగింది నన్ను."

ఆయన్ని నెత్తి నుంచి కిందకి చూసింది. బొటనవేలి దగ్గర ఆగింది. కాఫీ చల్లారి గడ్డకట్టేదాకా చూసింది.

"నోరు పెద్దది. అయినా పిలిస్తే వస్తావు," అని నొక్కింది. యాప్ తెరుచుకుంది.

ఐవిన్ ఆఫీసు ఫోను తీశాడు. హెన్నింగ్‌కి ఫోన్ చేశాడు. "తెరుచుకుంది! నా పేరు చదివి మరీ నొక్కింది!"

"నీ పేరా? సిగ్గుచేటు! పీకెయ్ దాన్ని. కంపెనీ పేరుతో ఇంకోటి పంపుతా, అదెక్కించు."

"పీకను."

"ఏంటీ?"

"ఆవిడ నమ్మింది నన్నురా. నీకు కావాలంటే నువ్వే రా. నీ పేరు పెట్టుకుని అడుక్కో."

ఆయన జన్మలో అరవకుండా మాట్లాడింది అప్పుడే. ఆఫీసు ఫోను కాఫీ కప్పు పక్కన పెట్టాడు, తలుపు మెల్లగా వేసి మంచులోకి నడిచాడు, మేజోళ్ళతోనే. ఆ అడుగులు పడ్డచోట ఇప్పటికీ మంచు నిలవదు. కావాలంటే వచ్చి చూసుకోండి.

మర్నాడు హెన్నింగ్ వచ్చాడు. గుడ్నీ ఫోనూ ఇవ్వలేదు, కాఫీ కూడా పోయలేదు.

హెన్నింగ్ తన బూట్లు విప్పడానికి వంగిన చోట, గోడవారగా ఐవిన్ బూట్లున్నాయి, ముక్కులు వంటింటివైపు పెట్టుకుని.