గడప దాటిన పురాణం

పుస్తకం గడప దాటితే దేవుడు లోపలే ఉండిపోతాడా? పలాసలో కాపురానికి వచ్చిన నాటి నుంచీ జానకికి ఈ అనుమానం. ఎవరినీ అడగలేదు. ఆ ఇంట్లో పూజగది పుస్తకాలు వీధి అరుగు మీదికి రాకూడదన్నది మామగారి కట్టడి. ఆయన పోయాక, పౌరోహిత్యం చేసే బావగారు కామేశ్వరరావు దాన్ని ఇంకాస్త బిగించారు.

ఆ కట్టడి వల్లే పైడితల్లి బాకీ తీరలేదు. పైడితల్లిది వెనక వీధి, జీడి ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే పని. అనుపమ పుట్టినప్పుడు జానకికి జ్వరం తగిలి పాలు ఎండిపోతే, తన బిడ్డతో పాటు ఈ బిడ్డకీ చన్నిచ్చి నిలబెట్టింది. ఏం కావాలంటే చీర అడగలేదు, సొమ్ము అడగలేదు.

"కార్తీకంలో సదువుతావు కదా, ఆ పురాణం మొదట్నించి సివరిదాకా ఒక్కపాలి ఇనిపించమ్మా," అంది.

జానకి లోపల చదివేది, గడప లోపలికి రానివ్వరు కనుక పైడితల్లి అరుగు మీద వినేది. సగం ఆమె చెవిన పడేది, సగం వీధిలో ఆటోలు మింగేసేవి. ఏళ్ళు గడిచాయి.

ఈ ఏడు అనుపమ తల్లికి ఈ-రీడర్ కొనిచ్చింది. పలకలా ఉంటుంది, పుస్తకాలన్నీ అందులోనే. మసకబారిన కళ్ళకు ఆనేలా అక్షరాలను చింతగింజలంత చేసి పెట్టింది. బావగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఇదేం పుస్తకం, దీనికి పుణ్యం మాట దేవుడెరుగు, పురుగు కూడా పట్టదు అన్నారు. పుస్తకం కాకపోతే మరీ మంచిది అనుకుంది జానకి. రోజూ అరుగు మీదికి తెచ్చి, పైడితల్లి పక్కనే కూర్చుని చదివింది.

కార్తీకం ముగిసే రోజు, ఆఖరి అధ్యాయం మొదట్లో చార్జి అయిపోయి అది కాస్తా ఆరిపోయింది. గాలివానకు ఊళ్ళో కరెంటు లేదు. ఆ సాయంత్రమే పైడితల్లి భావనపాడు బస్సెక్కి కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఇక అక్కడే ఉంటుంది.

అనుపమ లాప్‌టాప్‌లో ఇంకా చార్జి ఉంది. వైరు ఒక కొస దాని పోర్టులో పెట్టి, రెండో కొస ఈ-రీడర్‌కు గుచ్చింది. చార్జి దీపం వెలగలేదు. ఇంకో పోర్టులో పెట్టినా అంతే. ఫోను లైటు వేసి ఈ-రీడర్ కన్నంలోకి చూసింది.

"అమ్మా, దీనికి బొట్టు పెట్టావా?"

"మొదటిరోజు పెట్టాను. బొట్టు పెట్టకుండా పురాణం ఎలా విప్పుతాను?"

గంధమూ కుంకుమా కలిసి ఆ కన్నంలో గట్టిపడ్డాయి. పొడి కొబ్బరి ఈనెతో మెల్లగా గీకి తీస్తే, ఈసారి దీపం వెలిగింది. వెలగగానే బావగారు అడ్డం వచ్చారు. గంధం, కుంకుమ పడ్డాక అది పూజ వస్తువే, గడప దాటడానికి వీల్లేదన్నారు.

"నెలంతా ఇది పుస్తకం కాదన్నారు. కుంకుమ కనబడగానే అయిందా బావగారూ?"

"వాదించకు. లోపలే చదువు, ఆవిడ బయట వింటుంది."

"ఆవిడ పాలు గడప దాటి లోపలికి వచ్చినప్పుడు మీరెవరూ ఆపలేదు," అంది జానకి, గొంతు పెంచకుండానే. "ఇది బయటికి వెళ్తుంది. అనూ, ఆ లాప్‌టాప్ పట్టుకో."

తల్లీ కూతుళ్ళు మధ్యన వైరు వేలాడుతుండగా గడప దాటి అరుగు మీద కూర్చున్నారు. తీరా చూస్తే పురాణం తెరుచుకోలేదు. కంప్యూటరుకు కలిపి ఉందన్న ముక్క ఒక్కటే తెర మీద నిలబడింది.

"ఏటమ్మా, దేవుడు కూడా మీ బావగారి పక్కే?" అంది పైడితల్లి.

అనుపమ నవ్వి, లాప్‌టాప్‌లో ఆ ఈ-రీడర్ గుర్తు నొక్కి విడదీసింది. వైరు అలాగే ఉంది, చార్జి ఎక్కుతూనే ఉంది, పురాణం తెరుచుకుంది.

జానకి చదివింది. ఆటో వచ్చినప్పుడల్లా ఆగి, అది పోయాక ఆ మాట మళ్ళీ మొదలుపెట్టింది. ఫలశ్రుతి కూడా అయ్యాక పైడితల్లి కళ్ళు తుడుచుకుని, అనుపమ తల నిమిరి, సంచీ భుజాన వేసుకుంది.

"సివరిదాకా ఇన్నాను. నువ్వింక నాకేటీ బాకీ లేవమ్మా."